కృష్ణవేణి టీచర్ పెట్టని సంతకం

మైదాపిండిలో మైలుతుత్తం వేసి ఉడికిస్తే ఒక రకమైన పులిసిన వాసన వస్తుంది. పురుగు పట్టకుండా, ఎలకలు కొరక్కుండా ఆ నీలం పొడి కలుపుతారు. తమిళనాట మా కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలకి లేబుళ్ళు అంటించే ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు ఆ వాసనే. మొన్న విరుదునగర్‌లో మా శిక్షణ తరగతిలో, గోడకి బొమ్మలు అంటించాలని ఎవరో స్టవ్ మీద ఆ జిగురు కాచారు. మెట్లెక్కుతుంటే ముక్కుకి తగిలింది. నేను సగం మెట్ల మీదే ఆగిపోయాను. నాకు గుర్తొచ్చింది కోవిల్‌పట్టీ కాదు, అగ్గిపెట్టెలూ కాదు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఒక చేత్తో జిగురు డబ్బా, ఇంకో చేత్తో కొబ్బరిపీచు కుంచె పట్టుకుని, "తొలగండి, తొలగండి, ఇది విసం, బిడ్డల సేతికి తగలగూడదు" అంటూ గోడ దగ్గరికి నడిచే కృష్ణవేణి టీచర్ గుర్తొచ్చింది.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. అరుప్పుక్కోట్టైలో మగ్గాలు నడిపే తెలుగు వాళ్ళ ఆడపడుచు. వాళ్ళ నాన్న చీర అంచులకి గళ్ళ కాయితం మీద నమూనాలు గీసేవాడట. ఆవిడ చాలా ఏళ్ళు ప్రభుత్వ బళ్ళలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీ పైన హాలు అద్దెకి తీసుకుంది. సైన్‌బోర్డులు రాసేవాళ్ళు, చీరల డిజైన్లు గీసేవాళ్ళు, క్యాలెండర్ బొమ్మలు వేసేవాళ్ళు, ఇలా చేతిలో పని ఉండి పని దొరకనివాళ్ళని చేరదీసి, బడిలో డ్రాయింగ్ టీచర్లు కావడానికి తయారుచేసేది. కింద బస్తాలు దించితే చాలు, పైన మేమందరం వరసగా తుమ్మేవాళ్ళం. ఆవిడ మాత్రం తుమ్మేది కాదు. ఆ ఘాటు కూడా ఆవిడంటే భయపడుతుందని మేం నవ్వుకునేవాళ్ళం.

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, రాయడం ఎవరికీ రాదు. నేను నలభై దాటాక పంతం కొద్దీ అక్షరాలు నేర్చుకున్నాను. టీచర్‌కి చివరిదాకా తెలుగు చదవడం రాలేదు. ఇది ఎలాగూ ఆవిడ చదవలేదన్న ధైర్యంతోనే కొన్ని సంగతులు దాచకుండా రాస్తున్నాను.

మాది పుదూరు దగ్గర నల్లరేగడి ఊరు. వాన పడితే పంట, లేకపోతే లేదు. పదిహేడేళ్ళకే కోవిల్‌పట్టిలో ఒక ప్రెస్సులో లేబుళ్ళు గీసే పనిలో చేరాను. తొమ్మిదేళ్ళు గీశాను. చిలక, పులి, విమానం, గంట, నిమ్మకాయ. రెండు వేళ్ళ వెడల్పు కాయితం మీద నెమలి పింఛంలో కళ్ళు లెక్కపెట్టుకునేంత సన్నగా వేసేదాన్ని. పొగరు కూడా అంతే ఉండేది. ఒకరోజు ప్రెస్సుకి కంప్యూటర్ వచ్చింది. మరో ఆరు నెలలకి నా బల్ల తీసేశారు. ఏం చెయ్యాలో తెలియక తిరుగుతుంటే ఎవరో టీచర్ పేరు చెప్పారు. డ్రాయింగ్ టీచర్ పరీక్ష పాసైతే ఉద్యోగం ఇస్తామని మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడి వాళ్ళు మాట కూడా ఇచ్చారు. జూన్‌లో చేరాలి. నా ఆశంతా ఆ జూన్ మీదే పెట్టుకున్నాను.

మొదటిరోజు టీచర్ నా చేతికి సుద్దముక్క ఇచ్చి, బోర్డు మీద చిలకని వెయ్యమంది. వేశాను. చేతి అలవాటు కదా, అరచేతిలో పట్టేంత చిలక వచ్చింది. ముక్కు దగ్గర చారతో సహా. ఆవిడ దగ్గరికొచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "బాగుండాది. శానా బాగుండాది. పొయ్యి కడాసి బెంచీలో కూసో" అంది. వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను.

"ఇప్పుడు సెప్పు. బోర్డులో ఏముండాది?"

"చిలక టీచర్."

"నువ్వు ఏసినావు గాబట్టి తెలుసు. ఏసిండకపోతే?"

నాకు కనిపిస్తున్నది ఒక తెల్ల మచ్చ. పావురం ఏదో ఎగిరిపోతూ వదిలి వెళ్ళినట్టు ఉంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా మా ఇంటి వెనక గోడ మీద బొగ్గుతో నిలువెత్తు చిలకల్ని వేశాను. భుజం పట్టేసి అన్నం కలపడానికి కూడా చెయ్యి లేవలేదు. శనివారం వెళ్ళి బోర్డు నిండా చిలకని వేసి చూపిస్తే, "సరి" అని మాత్రం అంది. ఆవిడ మెచ్చుకోలు అంతే. అది కూడా అందరికీ దొరికేది కాదు.

శని, ఆదివారాలు విరుదునగర్‌లో పాఠం. మధ్యలో ప్రతి గురువారం, ఎవరు ఉండే చోట వాళ్ళు, ఒక బడిలో పిల్లలకి పాఠం చెప్పాలి. నాకు కోవిల్‌పట్టిలో ఊరి చివర ఒక చిన్న బడి దొరికింది, నాలుగో తరగతి. చెప్పిన ప్రతి పాఠం రికార్డు పుస్తకంలో రాసి, హెడ్‌మిస్ట్రెస్ చేతా, టీచర్ చేతా సంతకం పెట్టించుకోవాలి. ఆ రెండు సంతకాలూ ఉంటేనే పరీక్ష అని టీచర్ మొదట్లోనే చెప్పింది. అంతకుముందు పాసైనవాళ్ళ రికార్డులన్నీ చూశాను. అన్నిట్లోనూ చివరి పేజీలో టీచర్ సంతకం, కింద ఊదారంగు గీత.

ఎనిమిదో గురువారం టీచర్ చెప్పకుండా వచ్చి వెనక కూర్చుంది. "మీ ఇంట్లో ఉండే జంతువు" అని పిల్లలకి చెప్పి బల్లల మధ్య తిరుగుతున్నాను. మారియమ్మాళ్ అని ఒక పిల్ల, అందరూ మారి అనేవాళ్ళు, మేకని వేస్తోంది. మంచి గీత. కానీ మేకకి ఐదు కాళ్ళున్నాయి. పొట్ట కింద, మధ్యలో, పొట్టిగా ఇంకో కాలు. లేబుల్ గీసేవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. జంతువంటే పక్కకి తిరిగి, నాలుగు కాళ్ళ మీద, చుట్టూ ఖాళీగా, శుభ్రంగా నిలబడాలి. మధ్యలో ఏది అడ్డొచ్చినా చెరిపేస్తాం. అచ్చులో మసకవుతుందని మాకు నేర్పింది అదే. నేను వంగి, మారి చేతిలోంచి రబ్బరు తీసుకుని ఆ కాలు చెరిపేశాను. అక్కడితో ఊరుకోలేదు. పెన్సిల్ తీసుకుని మేక మెడ నిలబెట్టాను, గడ్డం దిద్దాను, డెక్కలు సర్దాను. పక్క పిల్లలు "ఆహా" అన్నారు. నాకు సంతోషమేసింది. మారి తన కాయితాన్ని బోర్లా తిప్పి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల మొహం చూడాలని కూడా నాకు తోచలేదు.

బడి వదిలాక టీచర్ నన్ను బస్టాపు దాకా నడిపించింది. తమిళంలో మొదలుపెట్టి, కోపమొచ్చినప్పుడు తెలుగులోకి దిగేది. ఆ రోజు మొదటి మాటే తెలుగు.

"రాజీ, ఆ ఐదో కాలు ఏంది?"

"తప్పు టీచర్. మేకకి ఐదు కాళ్ళు ఉండవు గదా."

"అడిగినావా దాన్ని?"

"అడిగేదానికి ఏముండాది?"

"సరి. ఆ బిడ్డ మళ్ళీ పెన్సిలు పట్టి బొమ్మ ఏస్తే, ఆ పొద్దు నీ రికార్డులో కయ్యెత్తు పెడతాను. అందాకా పెట్టను." కయ్యెత్తు అంటే సంతకం. ఆ మాట అని బస్సెక్కేసింది. వచ్చే వారం వెయ్యదా ఏమిటని నేను పెద్దగా పట్టించుకోలేదు.

వచ్చే వారం మారి వెయ్యలేదు. ఆ పై వారమూ వెయ్యలేదు. కాయితం ఇస్తే తీసుకుంటుంది, పేరు రాస్తుంది, చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఏడవదు, ఎదురు చెప్పదు. మెత్తగా ఉండే పిల్లల మొండితనం ఎంత గట్టిదో నాకు అప్పుడు తెలిసింది. రంగు పెన్సిళ్ళ డబ్బా కొనిచ్చాను. "థ్యాంక్స్ మిస్" అని పక్కపిల్లకి ఇచ్చేసింది. దాని కోసమని బోర్డు మీద మేకల మందనే వేశాను. అది ఇంకా తప్పయింది. ఆ బొమ్మ చూశాక ఇంకో ఇద్దరు పిల్లలు కూడా "మాకు రాదు మిస్" అని పెన్సిళ్ళు కింద పెట్టేశారు.

ఇక లాభం లేదని ఒక సాయంత్రం మారి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తల్లి అగ్గిపెట్టెల యూనిట్ నుంచి ఇంకా రాలేదు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఆకులు తెంపుతోంది. దొడ్లో మేక. నేను నిలబడ్డ చోటు నుంచి చూస్తే మేకకి ఐదు కాళ్ళున్నాయి. అవతలి పక్క పిల్ల పాలు తాగుతోంది. దాని తల తల్లి పొట్ట చాటుకి పోయింది, ఒళ్ళంతా వెనక దాగింది. ఇవతలికి కనిపిస్తున్నది ఒక్క ముందుకాలు. పొట్టిగా, మధ్యలో, మారి వేసిన చోటే.

"పుట్టి నెలన్నరే. మారి దాన్ని కిందకే దించదు" అంది నాయనమ్మ. ఆవిడ మాట్లాడింది తమిళం, నేను ఇక్కడ తెలుగు చేశాను. తొమ్మిదేళ్ళు జంతువుల బొమ్మలు వేశాను. ఒక్కసారి కూడా మేకని నిలబడి చూసిన పాపాన పోలేదు. పాత లేబుల్ చూసి కొత్త లేబుల్ వేశాను, అంతే. ఆ పిల్ల చూసి వేసింది. నేను చూడకుండా చెరిపాను.

మర్నాడే గురువారం, క్లాసు ముందు నిలబడి చెప్పాను. "మారి బొమ్మలో నేను చెరిపింది మేకపిల్ల కాలు. నాకది కనపడలేదు. అడక్కుండా చెరిపాను. తప్పు నాది" అని. పిల్లలందరూ మారి వైపు చూశారు. మారి కిటికీ వైపు చూసింది. కాయితం ఖాళీగానే ఉంది.

పరీక్షకి పదిరోజులుందనగా రికార్డు పట్టుకుని విరుదునగర్ వెళ్ళాను. జరిగిందంతా చెప్పి, "తప్పు నాదే అని మాప్పు కూడా అడిగినాను టీచర్. అందరి ముందర అడిగినాను. ఇంకేం చేసేది?" అన్నాను.

"నువ్వు అడిగినావు. ఆ బిడ్డ ఇచ్చిందా?"

"ఇప్పుడు రాయకపోతే జూన్ ఉద్యోగం పోతాది టీచర్. వాళ్ళు ఎవరి కోసమూ కాచుకోరు."

"పోతాదిలే" అంది. కళ్ళు కూడా ఎత్తలేదు. అవతల ఎవరిదో చార్టు దిద్దుతోంది. ఆ క్షణంలో ఆవిడంటే నాకు పుట్టిన కోపాన్ని ఇప్పుడు కూడా దాచుకోను. రికార్డు బల్ల మీద విసిరి మెట్లు దిగాను. సాత్తూరు దాటేదాకా ఆవిణ్ణి మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. పరీక్ష వెళ్ళిపోయింది. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. నేను గోడల మీద సిమెంటు ప్రకటనలు రాసుకుంటూ ఆ ఏడాది గడిపాను.

కానీ గురువారాలు మానలేదు. మొదట్లో ఆవిడ మీద పంతంతోనే వెళ్ళాను. ఏదో ఒకరోజు సంతకం పెట్టించుకుని, ఆ రికార్డు ఆవిడ ముందే చింపెయ్యాలని. తర్వాత తర్వాత టీచర్ సంగతి మరిచిపోయాను. ఆ ఖాళీ కాయితం నన్ను నిలవనివ్వలేదు. బడికి వెళ్ళే ముందురోజు నుంచే దాన్ని గురించి ఆలోచించేదాన్ని. ఒకసారి, అందరి బొమ్మలూ గోడకి అంటిస్తుంటే మారిది ఏం చెయ్యాలో తోచలేదు. వదిలేయడానికి చెయ్యి రాలేదు. పేరు రాసి ఉన్న ఖాళీ కాయితాన్నే జిగురు పూసి అంటించాను. తర్వాతి వారం దాని పక్కన ఇంకొకటి. మారికి ఏమీ చెప్పలేదు, అటు చూడమనలేదు. నెలలు గడిచే సరికి వెనక గోడ మీద దాని పేరుతో తెల్ల కాయితాలు వరస మీద వరసగా నిలిచాయి. కొత్తగా వచ్చిన ఒక పిల్లాడు, "ఇదేం బొమ్మ మిస్?" అని అడిగాడు. "నాకు తెలీదురా, వేసేవాళ్ళు ఇంకా చెప్పలేదు" అన్నాను. నిజమే చెప్పాను.

ఆ మాట మారి విన్నదేమో తెలీదు. ఇంటర్వెల్‌లో అందరూ బయటికి పోయారు. నేను బోర్డు తుడుస్తున్నాను. వెనక గోడ మీద పెన్సిల్ గీరుకుంటున్న చప్పుడు. తిరిగి చూడకూడదని పళ్ళు బిగబట్టుకుని, తుడిచిన బోర్డునే మళ్ళీ మళ్ళీ తుడిచాను. గంట కొట్టాక చూస్తే మధ్య కాయితంలో ఒక్క కాలు ఉంది. పొట్టి కాలు. తక్కినదేదని అడగబోయి నాలుక కరుచుకున్నాను. పై వారం దాని పైన పొట్ట వచ్చింది. ఆ తర్వాత వీపు పక్క కాయితంలోకి పోయింది, తల ఆ పక్కదానిలోకి, బెంచీ ఎక్కి వేసిన కొమ్ములు పై వరసలోకి. అది పూర్తయ్యేసరికి గోడ మీద నాకంటే ఎత్తయిన మేక నిలబడి ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద బొమ్మ వెయ్యలేదు.

కబురు పెడితే టీచర్ వచ్చింది. చాలాసేపు చూసింది. "ఇది ఎవరు?" అని మారిని తమిళంలో అడిగింది. ఏమిటని అడగలేదు, ఎవరని అడిగింది. మారి మేక పేరు చెప్పింది, పిల్ల పేరు చెప్పింది, పిల్ల ఇప్పుడు తల్లంత అయిందని చెప్పింది, ఎనిమిది నెలల మాటలు ఒక్కసారే చెప్పింది. టీచర్ అన్నీ విని సంచిలోంచి నా రికార్డు తీసింది. నేను విసిరికొట్టిన పుస్తకానికి అట్ట కూడా వేసి ఉంచింది. సంతకం పెట్టి, కింద ఊదారంగు గీత గీసి ఇచ్చింది. చింపాలనుకున్న సంగతి నాకు గుర్తే రాలేదు.

తర్వాతి పరీక్షలో పాసయ్యాను. ఉద్యోగం దొరికింది, ఏళ్ళు గడిచాయి. టీచర్‌కి కాళ్ళు సహకరించక అరుప్పుక్కోట్టైలో ఇంటిపట్టున ఉండిపోతే, ఆ హాలు, ఆ తరగతి నా చేతికొచ్చాయి. అప్పుడు నిబంధనల పుస్తకం మొదటిసారి నేను చదివాను. రికార్డుకి బడి హెడ్ సంతకం ఉంటే చాలు. శిక్షణ ఇచ్చేవాళ్ళ సంతకం గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. నా రికార్డులో హెడ్‌మిస్ట్రెస్ సంతకాలు మొదటి ఏడాదే అన్నీ ఉన్నాయి.

ఆ పుస్తకం పట్టుకుని అరుప్పుక్కోట్టై వెళ్ళాను. ఆవిడ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పేజీ తీసి చూపించాను.

"యాడ ఉండాది టీచర్ మీ కయ్యెత్తు?"

"యాడా లేదు" అంది, దాచుకోకుండా.

"నా యేడాది పోయింది. ఉద్యోగం పోయింది."

"పోయింది. నాకు తెలుసు. నీకు ఇంకో పరీచ్చ ఉన్నింది రాజీ. ఆ బిడ్డకి తొమ్మిదో యేడు ఇంకోటి వస్తాదా?"

"ఇదే మాట అప్పుడు సెప్పిండొచ్చు గదా. అబద్దం ఎందుకు?"

"సెప్పింటే పరీచ్చ రాసేసి పొయ్యిందువు. అప్పటి నువ్వు అట్లాంటి దానివే" అంది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను. కోపమూ ఉంది, ఆవిడ కాళ్ళ మీద పడాలని కూడా ఉంది. ఆ రెండింటిలో ఏ ఒక్కటీ ఇప్పటికీ తగ్గలేదు.

ఈ మధ్య నా దగ్గర ఒక కుర్రాడు చేరాడు. కంప్యూటర్ మీద బాణసంచా డబ్బాలకి డిజైన్లు చేసి చేసి విసిగిపోయి వచ్చినవాడు, తెలివైనవాడు. సాధనకి వెళ్ళిన బడిలో ఒక పిల్లాడు ఆకాశానికి మట్టిరంగు వేస్తుంటే, వాడి కాయితం లాక్కుని తానే నీలం పూసేశాడు. వెనక బెంచీలో కూర్చుని చూశాను. ఆ పిల్లాడి ఇంటిదారిలో సున్నపురాయి లారీలు లేపే దుమ్ముకి ఆకాశం మట్టిరంగులోనే కనిపిస్తుందని నాకు తెలుసు, ఇతనికి తెలీదు. ఆ పిల్లాడు మళ్ళీ కుంచె పట్టేదాకా సంతకం పెట్టనన్నాను. పరీక్ష దగ్గర పడింది. నిన్న రికార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఈ రూల్ ఎక్కడుంది మేడమ్?" అని మర్యాదగానే అడిగాడు.

టీచర్ చెప్పిన అబద్ధం నా నోటిదాకా వచ్చింది. ఆవిడయితే కళ్ళెత్తకుండా చెప్పేసి ఇతన్ని కట్టిపడేసేది. నాకు ఆవిడ పంతం వచ్చింది గానీ అబద్ధం రాలేదు. "ఎక్కడా లేదు నాయనా. హెడ్‌మాస్టర్ సంతకం చాలు. నువ్వు వెళ్ళి పరీక్ష రాసుకోవచ్చు. నేను మాత్రం పెట్టను" అన్నాను. ఆ పిల్లాడి గురించి నాకు తెలిసింది కూడా చెప్పాను. అతను విన్నాడు, రికార్డు తీసుకున్నాడు, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినపడింది. ఓడిపోయానని అనుకున్నాను. టీచర్ ఉంటే ఏమనేదో.

చెప్పులతోనే మళ్ళీ పైకి వచ్చాడు. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"రేపు ఆ బడిలో డ్రాయింగ్ ఎన్నో పీరియడ్ మేడమ్?"

"మూడోది" అన్నాను.